అషోత్ రాజు బంతి

ఫ్యాను ఆగిపోయింది. ఇంకా ఓపిక ఉందన్నట్టు రెండు చుట్లు తిరిగి మరీ ఆగింది, ఆగాక దాని రెక్కల మీది దుమ్ము కనిపించింది, లోపలి గదిలో వెలుగు పోయింది, డాక్టరమ్మ తలుపు తీసి బర్మా మాటలో, పేరు ముందు గారు అనే ఊ తగిలించి, "ఊ లింగరాజు, మీ గాజుపలకకి రంగు వేసి ఆరబెట్టాను, మైక్రోస్కోపుకి దీపం కావాలి, గంటలో కరెంటు ఇస్తారట, కూర్చోండి" అంది. జనరేటరు లేదా అన్నాను. "దానికి నిన్నటినుంచి జలుబు" అని నవ్వి తలుపు వేసుకుంది. నవ్వుతున్నదంటే ఏమీ ఉండదనా, లేక ఏదైనా ఉంటే ముందే నవ్వేస్తే పోతుందనా? చెవితమ్మె దగ్గరా మోచేతి దగ్గరా బ్లేడుతో గీరిన చోట్ల చీమ కుట్టినట్టు చురచురమంటోంది. అది హాయిగానే ఉంది, మంట తెలుస్తోంది కనక. తొడ మీద కూడా గీరారు. అక్కడ మాత్రం ఏమీ తెలియలేదు. కాయితం చింపిన చప్పుడు విన్నట్టుంది, అంతే, నెత్తురు చూసి నాదేనా అనుకున్నాను.

ఇరవై రెండు రోజులైంది. స్నానం చేస్తూ కుడి తొడ బయటివైపు సబ్బు రుద్దుతుంటే అరచెయ్యంత చోట నా తొడ నాది కాదనిపించింది. గిల్లాను. పక్కింటివాడి తొడ గిల్లినట్టుంది. మర్నాడు సూది పెట్టి చూశాను, రోజూ వేపనూనె పెట్టి పీచుతో రుద్దాను, రుద్దినకొద్దీ ఆ చోటు పాలిపోయింది, పాలిపోయిన మచ్చ, మొద్దుబారిన మచ్చ, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో పెగూ దగ్గరి మా పల్లెలో పుట్టినవాడెవడికీ వేరే చెప్పక్కర్లేదు. నేను బి.ఏ. చదివినవాణ్ణి, చరిత్ర. దానికి మందుందనీ, బిళ్ళలు మింగితే పూర్తిగా పోతుందనీ, మందు మొదలెడితే అంటుకోదనీ ఆసుపత్రి గోడల మీద బొమ్మలతో రాసిందంతా చదివినవాణ్ణి. చదివింది తలలోనే ఉండిపోయింది, కడుపులోకి దిగలేదు. కడుపులో ఉన్నది మా లోకనాథం.

లోకనాథాన్ని ఇప్పుడే తలుచుకోకూడదు. ఎదురుగా గోడకి బల్లి ఉంది, దాన్ని చూడు. బయట వాన తగ్గింది, సేక్కాన్ రేవు వైపు నుంచి క్రేను చప్పుడు వస్తోంది, ఈ క్లినిక్ ఇక్కడుందనే కదా ఏరుకున్నాను, మావాళ్ళెవరూ ఇటు రారు, బస్సు రెండు మారాలి. గంగాభవానికి గోదాముకి పోతున్నానని చెప్పాను. అబద్ధం. ఈ ఇరవై రెండు రోజుల్లో ఎన్ని అబద్ధాలాడానో, అన్నిటికన్నా పెద్దది ఇదిగో, మెడలో, ఎర్రపూసల మాల.

మా ఇంట్లో కంచం ఒక్కటే. అంటే బీరువాలో డజను ఉన్నాయి, కానీ మధ్యాహ్నం నేనూ గంగాభవానీ తినేది ఒక్క కంచంలో. పెళ్ళైన కొత్తలో అహ్లోన్‌లో పాత రైసుమిల్లు వెనక గదిలో కాపురం పెట్టినప్పుడు ఉన్నది ఒక్క ఇత్తడి కంచమే, తరవాత కంచాలు వచ్చాయి, పిల్ల పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని మాండలే పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. తను అటునుంచి, నేను ఇటునుంచి, మధ్యలో అన్నాన్ని గట్టులా పోస్తుంది, నువ్వు నా పొలంలోకొచ్చావంటే నువ్వు నా పొలంలోకొచ్చావని ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ తగువు. ఆ కంచంలోంచి నా చెయ్యి తియ్యాలి, ఎందుకు తీశానో చెప్పకుండా తియ్యాలి. ఎలా? మా జనంలో మనిషి వేరే కంచంలో తిని, వేరే గళాసులో తాగి, వేరే చాప మీద పడుకుంటే ఎవరూ ఎందుకని అడగని సందర్భం ఒక్కటే ఉంది. గుడికి పోయాను. గురుస్వామి పోలయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓరి లింగరాజూ, ఆసాడంలో మాలేట్రా? కార్తీకం దాకా ఆగలేవేటి?"

"అమ్మవారు కలలో కనపడ్డాది మావా."

"నీకు కనపడ్డాదా? నలబయ్యేళ్ళై పూజ సేస్తన్నాను, నాకెప్పుడూ కనపడనేదు!" అని గొణుక్కుంటూనే వేశాడు. నలభై ఒక్క రోజులు. చెప్పులు మానాను, తోలు బెల్టు మానాను. బెల్టు మానితే తాళాలెక్కడ పెట్టుకోను? బోటాటౌంగ్‌లో పద్నాలుగు గోదాముల తాళాలు నా నడుం మీదే ఉంటాయి, పాతకాలపు ఇనప తాళంచెవులు, జేబులో వేస్తే చొక్కా చిరుగుతుంది, లుంగీకి దోపితే లుంగీతో సహా దిగుతాయి, అందుకని నూలు తాడు మెలేసి లుంగీ మీద బిగించి గుత్తిని కుడిపక్కకి కట్టాను. గంగాభవాని చూసిన మొదటిరోజే "నడుం కోసీసేలా ఉన్నాది మావా, వొదులు సెయ్యి" అని చెయ్యి జాపింది. నేను వెనక్కి జరిగాను. మాలలో ఉన్నానన్నాను. జాపిన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంచి తీసుకుంది. ఆ చెయ్యి ఇప్పుడూ కనిపిస్తోంది, ఈ గోడ మీద బల్లి ఉన్న చోట. మొద్దుచోటు మాత్రం అరచెయ్యంత ఉన్నది రెండు అరచేతులైంది.

పద్నాలుగు తాళాలు. అషోత్ రాజు కోటకి ఎన్ని ఉండేవో. ఆ మాట, బర్మాలో డా అంటే అమ్మగారు, డా ఆష్‌ఖేన్‌ని అడుగుదామనుకుని ఎప్పుడూ అడగలేదు, పోయిన వానాకాలం ఆమే పోయింది. మూడో గోదాము పైన గదిలో ఉండేది. తాతలు ఆర్మీనియావాళ్ళు, తల్లి బర్మా మనిషి, బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది, కళ్ళు మసకబారాక ఓనాడు మేడ మీది నుంచి కేకేసి "నువ్వు బి.ఏ. అట కదా, పైకి రా" అని నా చేతిలో ఒక లావు పుస్తకం పెట్టింది. తొమ్మిదేళ్ళు చదివాను, గోదాములు మూసిన తరవాత రోజూ ఒక పేజీ, ఆ పుస్తకంలో రాజులు చాలామంది, ఆమెకి కావలసింది ఈ అషోత్ ఒక్కడే. వెయ్యేళ్ళ కిందటి ఆర్మీనియా రాజు. పట్టానికి వచ్చిన కొత్తలోనే దివీన్ అనే పట్టణం మీదికి దండెత్తి ఓడిపోయి వచ్చాడు. అక్కడికి రాగానే ఆమె చెయ్యి ఎత్తి ఆపేది. "ఓడిపోయినవాడు ఏం చేస్తాడు లింగరాజూ?" ఇంటికొచ్చి పెళ్ళాం మీద అరుస్తాడమ్మా అనేవాణ్ణి. "ఈయన గోడ కట్టాడు" అనేది. అవును, కట్టాడు, కార్స్‌లో ఉన్న రాజధానిని అనీకి మార్చాడు, రెండు లోయల మధ్య మూడు మూలల నేల, కింద ఏరు, లోయలు లేని వైపు అడ్డంగా గోడ. కార్స్‌ని తమ్ముడు ముషేగ్‌కి ఇచ్చేసి నువ్వూ రాజువేరా అన్నాడు, తమ్ముడికి గట్టు మీది తాటిచెట్టు ఇవ్వడానికి కోర్టుకెళ్ళిన వాళ్ళు మా పల్లెలో ఉన్నారు. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి సైన్యంతో తూర్పుకి వస్తే, ఎప్పుడూ కొట్టుకు చచ్చే దొరలందరినీ కూడగట్టి ఎనభై వేలమందిని నిలబెట్టాడట, కత్తి దుయ్యకుండానే సంధి కుదిరింది, పదివేలమందిని చక్రవర్తికి తోడిచ్చి సాగనంపాడు. భార్య ఖొస్రొవానుష్ మఠాలు కట్టించింది, సనహిన్ ఒకటి, హఘ్‌పత్ ఒకటి, ఈ పేర్లు పలకలేక నేను నాలిక కరుచుకుంటే డా ఆష్‌ఖేన్ పళ్ళులేని నోటితో నవ్వేది. ఇప్పుడు అనీలో ఎవరూ లేరు, గడ్డి, రాళ్ళు. ఆమె కూడా ఎప్పుడూ చూడలేదు. బోటాటౌంగ్ మేడ మీద కూర్చుని, ఒకపక్క నది, ఒకపక్క పజుందౌంగ్ వాగు, మనదీ అనీయే లింగరాజూ, మూడోవైపు గోడొక్కటే తక్కువ అనేది.

ఇంతా చేసి ఆ రాజుకి మిగిలిన బిరుదు దయగలవాడు అని. ఎందుకంటే అన్నం దగ్గర. కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు, కుష్టువాళ్ళు వచ్చి బంతిలో కూర్చుంటేగాని ఆయన రొట్టె తుంచేవాడు కాదట. ఒకణ్ణి ఫలానా సీమకి ప్రభువువి అనేవాడట, ఇంకొకణ్ణి ప్రభువులకే ప్రభువువి అనేవాడట, వాళ్ళ పుళ్ళు ఆయన కంటికి రత్నాల్లా కనిపించేవట, వాళ్ళు తాగిన గిన్నెలోనే తాగేవాడట. రాజులకి ఇలాంటివి రాసిపెట్టేవాళ్ళు ఉంటారమ్మా అన్నాను ఒకసారి. "ఉంటారు. అబద్ధమే అయినా ఎలాంటి అబద్ధం ఏరుకున్నారో చూడు" అంది. నేనూ ఏరుకున్నానమ్మా, చూడు, మెడలో వేసుకున్నాను. ఇంకోసారి, మరి ఆ బంతిలో రాణి ఎక్కడ కూర్చునేదమ్మా అని అడిగాను. "రాయలేదు" అంది.

ఎంతైంది? గోడ గడియారం కూడా కరెంటుదే, పన్నెండూ ఇరవై దగ్గర ఆగిపోయి ఉంది, దాని ప్రకారం నాకింకా ఏమీ కాలేదు. పక్కన బెంచీ కదిలింది. ఒక ముసలామె వచ్చి కూర్చుంది, ఎడమ కాలికి కట్టు, బుగ్గల మీద గంధంలాంటి తనకా పూత, నోట్లో నములుతున్న తమలపాకు వాసన. చేతులు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నా మాల చూసింది, నా ముఖం చూసింది.

"తెలుగోలా బాబూ?"

ఎంత దూరం వచ్చినా తెలుగువాళ్ళు ఉంటారు. అవునన్నాను. ఆమె పేరు సూరమ్మ, డాలా నుంచి పడవలో నది దాటి వచ్చింది, కాలిపుండుకి కట్టు మార్పించుకోవడానికి నెలకి రెండుసార్లు వస్తుంది, ఇవన్నీ నేను అడగకుండానే చెప్పింది. ప్లాస్టిక్ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది, రెండు మణికట్ల మధ్య పట్టి మూత తిప్పింది, నాకు సాయం చెయ్యాలని కూడా తోచలేదు, ఆ నేర్పు చూస్తూ ఉండిపోయాను. మూతలోనే టీ పోసుకుని సగం తాగి, మిగతాది నావైపు జాపింది.

"తాగు. సెమట్లు కారిపోతన్నాయి నీకు."

"మాలలో ఉన్నానమ్మా" అన్నాను.

ఎంత తొందరగా వచ్చింది ఆ మాట! అబద్ధానికి ఇరవై రెండు రోజుల్లో ఎంత అలవాటు పడ్డాను. ఆమె చెయ్యి దించలేదు. "మాలలో ఉన్నోడివి మాలలో ఉన్నావు. బయ్యంలో ఉన్నోడివీ ఉన్నావు. నా రోగం ముప్పయ్యేళ్ళ కిందటే సచ్చిపోనాది బాబూ, నానే బతికున్నాను" అని కిసకిసా నవ్వింది.

లోకనాథం ఇలాగే అనేవాడు, నవ్వు లేకుండా. రోగం వచ్చినప్పటినుంచి పంట కాలవ చివర గుడిసెలో ఉండేవాడు. మా అమ్మ రోజూ కొబ్బరిచిప్పలో అన్నం పంపేది, నేను కాలేజీ సెలవులకి వెళ్ళినప్పుడు ఆ పని నాకు పడేది, రాయి మీద పెట్టి పది బారలు వెనక్కి వచ్చి నిలబడేవాణ్ణి. ఇరవై ఏళ్ళవాణ్ణి, బళ్ళో జబ్బుల గురించి పరీక్ష కూడా రాసినవాణ్ణి. "సదూకున్నోడివి కదా, ఒక్కపాలి కూకో బాబూ, మాటాడు, నీకేటీ కాదు" అనేవాడు. పని ఉందనేవాణ్ణి. ఒక సెలవుల్లో వెళ్తే గుడిసె లేదు. రాయి ఉంది. ఇన్నేళ్ళూ ఆ రాయి నా కడుపులోనే ఉందని ఈ మధ్యే తెలిసింది, కంచం వేరు పెట్టుకుని మొదటిరోజు ఒంటరిగా ముద్ద మింగబోతే అడ్డం పడింది. అబ్బ, ఆయన పదేళ్ళు ఇలాగే తిన్నాడా అనుకున్నాను. ఇప్పుడు ఈ మూతలో సగం టీ. రోగం ఉందేమోనని నేనే వణుకుతూ, రోగం పోయిన మనిషి ఎంగిలికి జంకుతున్నాను, ఇంతకన్నా వెర్రివాడు ఉంటాడా? రాజుకి చుట్టూ చూసేవాళ్ళున్నారు, రాసేవాళ్ళున్నారు, అందుకని తాగాడేమో. ఇక్కడ బల్లి ఒక్కటే ఉంది. తీసుకున్నాను. తాగాను. బర్మా టీ, పాలు ఎక్కువ, చల్లారిపోయింది, మూత అంచున ఆకువక్క రంగు. గొంతు దిగింది. అడ్డం ఏమీ పడలేదు.

"ఎలాగుంది?" అంది సూరమ్మ.

"పంచదార ఎక్కువ."

"నిన్ను రాజా అనుకుని పోసినాను" అని మూత లాక్కుంది.

రాజా అంది. పేరు చెప్పలేదు నేను. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఫ్యాను మూలిగింది, రెక్కలు కలిసిపోయాయి, దుమ్ము మాయమైంది, గడియారం పన్నెండూ ఇరవై నుంచే మళ్ళీ బయలుదేరింది, లోపల కుర్చీ జరిగిన చప్పుడు. ఇప్పుడు డాక్టరమ్మ మైక్రోస్కోపుకి కన్ను పెట్టి ఉంటుంది. ఎర్రటి చిన్న చిన్న పుల్లల్లా కనిపిస్తాయట, ఉంటే. ఉంటే గంగాభవానికి ఎలా చెప్పాలి? బిళ్ళలు ఏ డబ్బాలో దాచాలి? అమ్మవారి పండక్కి పద్దెనిమిదేళ్ళుగా బంతిలో అన్నం వడ్డించే చెయ్యి ఇదే, ఆ రోజు కడుపునెప్పి అనాలా? లేదు, ఇక అబద్ధం ఆడలేను, ఉంటే ఉందని చెప్పేస్తాను, ఆ మాట అనుకోగానే కొంచెం తేలికైంది.

"ఊ లింగరాజు!"

వెళ్ళాను. డాక్టరమ్మ కాయితం మీద ఏదో గీస్తూ, తల ఎత్తకుండా, ఏమీ లేదంది. ఏమీ లేదంటే? "ఎక్కడా క్రిమి లేదు. నరాలు ముందే తడిమి చూశాను, లావెక్కలేదు. మచ్చ మీరు రుద్ది తెచ్చుకున్నది. మరి తిమ్మిరెందుకు..." అని కలం ఆపి నన్ను చూసింది. పొద్దున్న తొడ చూపించమంటే లుంగీ కిందనుంచి ఎత్తి చూపించాను, పైన చొక్కా వేలాడుతూనే ఉంది. "చొక్కా ఎత్తండి" అంది. ఎత్తాను. తాడు, తాళాల గుత్తి. తాడు తప్పించి చూస్తే కింద చర్మం మీద లోతుగా ఎర్రటి గాడి, తుంటి ఎముక అంచు మీదుగా. ఆ గాడి మీద వేలు పెట్టి నొక్కింది, తొడ పొడవునా జివ్వుమంది. "తొడకి స్పర్శ తెచ్చే నరం ఇక్కడే వంగి కిందికి పోతుంది. దాని మీద మీరు గోదాము కట్టుకు తిరుగుతున్నారు. ముందు ఏం కట్టేవారు?" బెల్టు అన్నాను. "అది వెడల్పు. దాంతో మొదలైంది. ఈ తాడు సన్నం, అందుకే పెరిగింది. బెల్టు ఎందుకు మానేశారు?" ఏం చెప్పను? కుష్టని భయపడి దీక్ష పట్టాను, దీక్షకని తోలు మాని తాడు కట్టాను, తాడు కట్టినందుకు తిమ్మిరి పెరిగింది, పెరిగినందుకు కుష్టేనని ఖాయం చేసుకున్నాను. ఇది బర్మా భాషలో చెప్పడానికి నాకు మాటలు లేవు, తెలుగులో ఉన్నా చెప్పను. మొక్కు అన్నాను. "తాళాలు సంచిలో వేసుకోండి, రెండు నెలల్లో మీ తొడ మీకే తిరిగొస్తుంది" అంది.

బయటికి వచ్చాను. సూరమ్మ లోపలికి పోతూ నా ముఖం చూసి "పోనాది కదా బయ్యం" అంది, అడగలేదు, చెప్పింది. వరండా, నీళ్ళోడుతున్న చూరు, అరవాలనిపిస్తోంది, ఎవరినైనా పట్టుకుని నువ్వు ఫలానా సీమకి ప్రభువువి అనాలనిపిస్తోంది, రోడ్డు మీద సైకారు రిక్షా తొక్కేవాణ్ణి, గొడుగు విరిగిన ఆవిణ్ణి, అంతలో వాసన తగిలింది. గోంగూర, ఎండురొయ్యలు. మాల వేసినప్పటినుంచి మా ఇంట్లో పొయ్యెక్కని వాసన. మెట్ల మీద గంగాభవాని కూర్చుని ఉంది, పక్కన కేరేజీ, ఒళ్ళో ఇత్తడి కంచం, అందులో అన్నం అప్పుడే గట్టు పోసి ఉంది.

"నువ్వేటి ఇక్కడ?"

"సొక్కా ఉతికితే ఇయ్యాల రమ్మన్న డాక్టరు సీటీ దొరికినాది. కూకో."

"ఎప్పుడు?"

"మొన్న సీటీ. సంగతయితే మొదట్నించీ తెల్సు. సూది పెట్టి తొడ పొడుసుకుంటే తలుపు సందులోంచి కనపడదేటి?" కేరేజీ గిన్నె వంచి గోంగూర మధ్యలో వేసింది, కలిపింది, నేను నోరు తెరిచేలోగా తన వైపునుంచి ఒక ముద్ద తీసుకుని తినేసింది. "తిను. సల్లారిపోతాది."

"భవానీ, ఆగు, డాక్టరమ్మ ఏటన్నాదంటే..."

"అన్నం తిన్నాక సెప్పు. ఏటన్నా మందుందట కదా, గోడల మీద బొమ్మలు నాకూ అగుపడతాయి." ఇంకో ముద్ద. "నీ గళాసు ఏరుగా పెట్టీసుకున్నావు. దాంట్లోనే నాను టీ తాగతన్నాను ఇన్నాళ్ళూ. నీ కంచంలో మిగిలింది ఎవులు తిన్నారనుకున్నావు, కాకులా?"

నేను నిలబడే ఉన్నాను. తలుపు వెనక, వంటింట్లో, పొయ్యి దగ్గర, ఎవరూ చూడకుండా, ఏమవుతుందో తెలియకుండా తిన్నది నా ఎంగిలి. రాణి సంగతి రాయలేదు అంది డా ఆష్‌ఖేన్. రాసేవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి ఉండరు.

"ఏటీ లేదే" అన్నాను. "తాడు బిగుతట. అంతే."

ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు, చేతికి గోంగూర ఉంది. ఆ తరవాత మెల్లగా కోపం ఎక్కింది, అది చూస్తుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. "నానేటన్నాను? మొదటిరోజే నానేటన్నాను? సదూకున్నోడట!" ఎడమచేత్తో నా లుంగీ పట్టి లాగి మెట్టు మీద కూలేసింది, ఆ చేత్తోనే తాడు ముడి విప్పింది, పద్నాలుగు తాళాలూ ఝల్లుమని మెట్టు మీద పడ్డాయి. ఊపిరి కిందిదాకా పోయింది.

"మరి ఈ మాల?" అన్నాను.

"పోలయ్య మావ సేత తీయించు. అమ్మోరు మళ్ళీ కల్లోకొచ్చినాదని సెప్పు."

నవ్వుతూ చెయ్యి పెట్టాను కంచంలో. ఆకలి ఒక్కసారిగా వచ్చింది, ఇరవై రెండు రోజులది, ముద్ద మీద ముద్ద, గోంగూర పులుపుకి దవడలు లాగుతున్నాయి, రొయ్య ఒకటి అటువైపు కనపడితే వేలితో ఇటు లాగాను. మణికట్టు మీద చిన్న దెబ్బ పడింది.

"ఇదేటి, అప్పుడే నా పొలంలోకొచ్చీసినావు?"